లాగి చూశావా?

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు మేలుకునేది వీధి తలుపు తాళం. తాళాల మేస్త్రీ కళ్ళు నులుముకుంటూ వచ్చి తాళం తీస్తాడు, మళ్ళీ వేస్తాడు, పిడి పట్టుకుని ఒక్క గుంజు గుంజుతాడు. తలుపు కదలకపోతేనే ఆయనకు తెల్లవారినట్టు. ఇరవై రెండేళ్ళుగా సందు మలుపులో చిన్న కొట్టు పెట్టుకుని ఊరందరికీ తాళంచెవులు కోసిపెడుతున్న మనిషి. తాళం వెయ్యడం సగం పని, లాగి చూడటం మిగతా సగం అని ఆయన సిద్ధాంతం. ఇంట్లో ఎవరు గడప దాటినా ఒకటే ప్రశ్న, లాగి చూశావా?

ఆ శనివారం మాత్రం ఆ ప్రశ్న అడిగే తీరిక కూడా ఎవరూ ఇవ్వలేదు. పదకొండేళ్ళ కూతురికి పదకొండు గంటలకు ఫైనల్. దాని అసలు పేరు బడి రిజిస్టరులో ఉంటే ఉంది, ఇంట్లో అందరికీ పిట్ట. అంకెల పజిళ్ళ పోటీ అట, పిల్లల కోసం పెట్టిన ఏదో సైటులో. వెయ్యిమందికి పైగా మొదలుపెడితే చివరికి ఇరవైమంది మిగిలారు, ఆ ఇరవైలో ఈ పిట్ట ఒకతి. ఇంట్లో కంప్యూటర్ లేదు. నెల రోజులుగా పబ్లిక్ లైబ్రరీలో నాలుగో నంబరు కంప్యూటర్ దగ్గర, వారానికి మూడు సాయంత్రాలు కూర్చుని ఇక్కడిదాకా వచ్చింది.

మేస్త్రీ భార్య టైలరు. కూతురి కొత్త గౌనుకి ఆఖరి బొత్తాం కుడుతూ, పొయ్యి మీద టీ పొంగుతుంటే ఆపమని మొగుడికి కళ్ళతోనే చెబుతోంది. మేస్త్రీ తల్లి మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఆవిడకు చెవుడు. తనకు అక్కర్లేనివి అసలు వినపడవు, వినేవాళ్ళకు అక్కర్లేకపోయినా తను చెప్పాలనుకున్నవి మాత్రం గట్టిగా చెబుతుంది. తను రాననీ, లైబ్రరీకి అన్ని మెట్లు ఎక్కలేననీ, ఇల్లు కాస్తూ పడుకుంటాననీ ముందు రోజే తేల్చేసింది.

"నానమ్మా, నువ్వు కూడా వస్తే బాగుండేది," అంది పిట్ట, రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని. "చుక్క కూడా అడిగింది, ఎవరెవరు వస్తున్నారని."

మేస్త్రీ టీ ఊదుకుంటున్నవాడు ఆగాడు. చుక్క ఎవరని అడిగాడు.

తన స్నేహితురాలని చెప్పింది పిట్ట. పోటీ సైటులోనే పరిచయం, పన్నెండేళ్ళు, తనకు ఇష్టమైనవన్నీ దానికీ ఇష్టమేనట. తను ఏ రంగు అంటే అదీ ఆ రంగే అంటుందట. ఇంతవరకు ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

"చూడకుండానే స్నేహమా," అన్నాడు మేస్త్రీ. "బాగానే ఉంది. ఇంకా ఏమడిగింది నీ చుక్క?"

"ఏం లేదు. ఫైనల్‌కి అందరూ వెళ్తారా అంది. నానమ్మ తప్ప అందరం అన్నాను. పాపం, నానమ్మ ఒక్కతే ఉంటే భయం వెయ్యదా అంది. నానమ్మకి చెవుడు, బాంబు పడినా లేవదు అన్నాను."

టీ గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడుకి మేస్త్రీ భార్య తలెత్తింది. ఆయన కూతురి ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు. ఆయన గొంతు పెంచలేదు. కొట్టుకొచ్చిన వాళ్ళను, ఇది మీ సొంత ఇంటి తాళమేనా అని అడిగేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ఆ గొంతు.

"ఇల్లెక్కడో తెలుసా దానికి?"

తను చెప్పలేదంది పిట్ట. కానీ చుక్కకు ఎలాగో తెలుసట. మీ సందులో పచ్చ గేటు ఇల్లు కదూ అని అదే అందట. అప్పుడు తనకు భలే సరదా వేసిందట, పజిల్ విప్పినట్టు కనిపెట్టేసిందని.

"ఇంకేం చెప్పావమ్మా?"

పిట్టకి ఏదో తేడాగా ఉందని అప్పటికి అర్థమైంది. గౌను అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. తన పాస్‌వర్డ్ చుక్క అడిగిందట. చెప్పనంటే, సరే పొడుపుకథలా వెయ్యి, విప్పుతానో లేదో చూద్దాం అందట.

"నేను చెప్పలేదు నాన్నా. పొడుపుకథే వేశాను. మొదటిది మా ఇంట్లో మనుషులు, రెండోది మా నానమ్మ నోట్లో మిగిలిన పళ్ళు, మూడోది సూదికి కళ్ళు, నాలుగోది వీధి సిగ్నల్‌కి రంగులు, అయిదోది చేతికి వేళ్ళు."

నాలుగు, రెండు, ఒకటి, మూడు, అయిదు.

మేస్త్రీ చెయ్యి జేబులోని ఇంటి తాళంచెవి మీదికి పోయింది. ప్రతి తాళంచెవికీ కొన్ని గాట్లుంటాయి. ఏ గాటు ఎంత లోతో అంకెల్లో రాసుకుంటారు ఆ పనివాళ్ళు. ఆ అంకెలుంటే చాలు, అసలు తాళంచెవి కంటితో చూడక్కర్లేదు, ఆకురాయి పట్టడం వచ్చిన ఎవడైనా కోసుకుంటాడు. నాలుగు, రెండు, ఒకటి, మూడు, అయిదు ఈ ఇంటి వీధి తలుపు తాళంచెవి లెక్క. పిట్టకు ఎనిమిదేళ్ళప్పుడు కొట్టులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆయనే నేర్పాడు. ఈ అంకెలు ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ప్రాణం పోయినా చెప్పకూడని అంకెలంటే పాస్‌వర్డ్‌కి అంతకంటే మంచివి ఇంకేముంటాయనుకుంది పిల్ల.

"ఆ అంకెలు మన తలుపువని కూడా చెప్పావా?"

"నా పాస్‌వర్డ్‌కీ మా తలుపుకీ ఒకటే తాళంచెవి అని చివర్లో క్లూ ఇచ్చాను. ఏ రకం తాళం అంది. నీ కొట్టు బోర్డు మీద రాసుంటుందే, ఆ రకమే అన్నాను."

"దొంగ చేతికి తాళాలిచ్చావు కదే," అన్నాడు మేస్త్రీ. ఆపుకోలేకపోయాడు. ఇరవై రెండేళ్ళుగా ఊరి తలుపులన్నీ కాసినవాడి ఇంటికి సొంత కూతురే కన్నం వేసిందన్నాడు. లైబ్రరీ లేదు, పోటీ లేదు, ఈరోజుతో సరి అన్నాడు. కంప్యూటర్ మొహం చూస్తే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. పిట్ట చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

మేస్త్రీ భార్య సూది దిండుకు గుచ్చింది. అలమరలోంచి ఒక కాగితం తీసుకొచ్చింది. లైబ్రరీ వాళ్ళు పిల్లల కంప్యూటర్ కార్డుతోపాటు ఇచ్చిన అనుమతి పత్రం కాపీ అది.

"ఈ సంతకం ఎవరిదండీ?"

ఆయనదే. తాళంచెవి పళ్ళలా పైకీ కిందికీ పోయే సంతకం.

"నేను ఇన్నాళ్ళూ చదవలేదు, మీరు చదివే పెట్టారనుకున్నా. ఇప్పుడు వినండి. మూడో అంశం. మొదటి నాలుగు సార్లు ఇంటి పెద్ద ఎవరో ఒకరు పిల్ల పక్కనే కూర్చోవాలి. అయిదో అంశం. ఇల్లు, బడి, ఫోన్ నంబరు, ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారో తెలియని వాళ్ళకు చెప్పకూడదని పిల్లకు ఇంట్లో చెప్పాలి. ఎనిమిది. లేచేటప్పుడు పిల్ల ఖాతాలోంచి బయటికి వచ్చిందో లేదో చూడాలి. చదివాను, ఒప్పుకున్నాను అని మీరు సంతకం పెట్టారు. మీరు చదివింది ఎప్పుడు, ఒప్పుకుంది ఎప్పుడు? దాని కాళ్ళు తర్వాత విరగ్గొడుదురు గాని."

ఆ కాగితం కొట్టుకి తెచ్చిచ్చింది పిట్టే. అప్పుడు ఎదురుగా కొట్టుకొచ్చిన వాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు. మేస్త్రీ ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. చదవడం రాక కాదు. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ, ఒక్కో మాట కూడబలుక్కుని చదువుతాడు. నలుగురి ముందు ఆ పెదాలు కదపడం ఇష్టం లేక, ఏ కాగితమొచ్చినా టకీమని సంతకం గీకి పారేస్తాడు. చదువుకున్నవాళ్ళు కాగితాలతోనే కదా మనల్ని చంపేది అని పైకి ఒక విసురు విసురుతాడు. అందరూ నవ్వుతారు, గండం గడుస్తుంది. ఇన్నేళ్ళూ గడిచింది.

గోడ గడియారం తొమ్మిది కొట్టింది.

"అయితే నేనిక్కడే ఉండి కాస్తానులే, ఎవడొస్తాడో రానీ," అంది ముసలావిడ. ఏం విన్నదో ఎంత విన్నదో.

"నువ్వు కదులు ముందు," అన్నాడు మేస్త్రీ, తల్లి చెవి దగ్గర. "పదకొండింటికి ఈ ఇంట్లో పిల్లి కూడా ఉండకూడదు."

ఆ తర్వాత ఆ ఇల్లు ఇల్లులా లేదు. మేస్త్రీ భార్య పోలీసు స్టేషన్‌కి ఫోన్ చేసింది. అవతలి మనిషి మూడుసార్లు చెప్పించుకుని, పొడుపుకథ అన్న దగ్గర కాసేపు ఆగి, అటు వచ్చినప్పుడు చూస్తామన్నాడు. వాళ్ళు చూసేసరికి మనకు చూసుకోడానికి ఏమీ మిగలదని గొణుక్కుంటూ మేస్త్రీ పనిముట్ల సంచీ గుమ్మంలో బోర్లించాడు. తలుపు తాళంలోంచి తాళంచెవి దూరే సిలిండర్ ఊడబెరికాడు. లోపలి పిన్నులు, స్ప్రింగులు పాత గుడ్డ మీద పరిచాడు. కొత్త లెక్కకు పిన్నులు మార్చడం ఆయనకు కళ్ళు మూసుకుని చేసే పని, పది నిమిషాలు చాలు. కానీ ఆయన ఆగలేదు. చిన్న బర్మా తీసి సిలిండర్ పక్కన ఒక కన్నం వేశాడు, ఇంకో పిన్ను, ఇంకో స్ప్రింగు పెట్టాడు.

పిట్ట కళ్ళు తుడుచుకుని దగ్గరికొచ్చి కూర్చుంది. అడక్కుండానే సన్న పటకారు అందించింది. అదేమిటి నాన్నా అని అడిగే ధైర్యం లేదు, అడక్కుండా ఉండే నిగ్రహమూ లేదు.

"కొత్త తాళంచెవి పెడితే మామూలుగా తెరుచుకుంటుంది," అన్నాడు మేస్త్రీ, తలెత్తకుండా. "పాత లెక్కది పెడితే లోపలికి పోతుంది, పావు చుట్టు తిరుగుతుంది. అంతే. ఈ పిన్ను జారి కన్నంలో పడుతుంది. ఇక అది ముందుకీ పోదు, వెనక్కీ రాదు, బయటికీ రాదు."

"ఎలక బోనులాగా?"

"ఊఁ."

పదీ పావుకి పాత తాళంచెవులన్నీ లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు. తలుపు మూశాడు, కొత్తదానితో తాళం వేశాడు, లాగి చూశాడు. ముసలావిడను మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరో రెక్క పట్టుకుని ట్యాక్సీలో కూలేశారు. తనను ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఆవిడకు తెలుసో లేదో గానీ, కొత్త చీర మాత్రం కట్టుకుంది.

ట్యాక్సీలో పిట్ట కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఫైనల్‌కి తీసుకెళ్తున్నారో, కార్డు వెనక్కి ఇప్పించడానికి తీసుకెళ్తున్నారో దానికి తెలియదు. అడగలేదు కూడా. రెండు సిగ్నళ్ళు దాటాక మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"ఆ కాగితం నేను చదవలేదు పిట్టా."

"ఎందుకని?"

"నేను నెమ్మదిగా చదువుతాను. జనం చూస్తారని."

పిట్ట ఇటు తిరిగింది. తండ్రి మొహంలోకి కొత్తగా చూసింది. ఈ మనిషికి భయాలుంటాయని దానికి అంతవరకు తెలియదు.

"నేను కూడా చుక్క గురించి అందుకే చెప్పలేదు," అంది నెమ్మదిగా. "చూడకుండా స్నేహమేంటని వెక్కిరిస్తావని."

మేస్త్రీ కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయన వేళ్ళకు ఇత్తడి పొడి ఇంకా అంటుకునే ఉంది.

"తాళంచెవి దాచుకో. ఎవరడిగినా, ఆటగా అడిగినా పజిల్‌గా అడిగినా దాచుకో. మనిషిని మాత్రం దాచకు. ఎవడు పలకరించినా వచ్చి నాకో మీ అమ్మకో చెప్పు. వెక్కిరిస్తే నా చెవి మెలిపెట్టు."

"ఫైనల్?"

"ఎవడో వెధవ కోసం మనం ఆడటం మానేస్తామా?" అన్నాడు మేస్త్రీ. పిట్ట వెక్కిళ్ళలోంచే నవ్వింది.

లైబ్రరీలో పిల్లల గది చూసుకునే మేడమ్ అంతా నిలబడే విన్నది. వెంటనే పిట్టను వేరే కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి పాస్‌వర్డ్ మార్పించింది. చుక్క పంపిన మాటలు ఒక్కటీ చెరపకుండా అన్నీ కాగితం మీదికి దింపుకుంది. తర్వాత నాలుగో నంబరు తెర తిప్పి మేస్త్రీకి చూపించింది. సైటు తెరవగానే, ఏమీ నొక్కకుండానే, పిట్ట పేరు కనిపించింది. దాని కింద బహుమతి పంపడానికని పిల్ల రాసిన ఇంటి చిరునామా. మా నాన్న తాళాలు చేస్తాడు అన్న వాక్యం. ఇష్టమైన రంగుతో సహా అన్నీ.

"లోపలికి వెళ్ళేటప్పుడు, నన్ను గుర్తుంచుకో అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టావా తల్లీ?" అని అడిగింది మేడమ్.

"అదే అడిగింది, గుర్తుంచుకోనా అని," అంది పిట్ట. "వద్దంటే ఏం బాగుంటుంది?"

మేడమ్ నవ్వలేదు. ఆ మాట సొంత ఇంట్లో కంప్యూటర్‌కి చెప్పొచ్చనీ, నలుగురూ కూర్చుని లేచే కుర్చీకి చెప్పకూడదనీ అంది. రోజూ పని అయ్యాక పిట్ట ఏం చేసేదని అడిగింది. మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కి లేచిపోయేదాన్నంది పిట్ట. అది తెర మూయడమే గానీ బయటికి రావడం కాదని వివరించబోతుంటే మేస్త్రీ చెయ్యెత్తాడు. ఆయనకు అర్థమైపోయింది. జీవితంలో మొదటిసారి కంప్యూటర్ గురించి ఎవరూ చెప్పకుండా ఒక ముక్క అర్థమైంది.

"తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది," అన్నాడు. "లాగి చూడలేదు."

తన తప్పు కూడా ఉందని మేడమ్ ఒప్పుకుంది. మనిషి లేవగానే అన్నీ వాటంతటవే చెరిగిపోయేలా పెట్టాల్సిన కంప్యూటర్లు అవి. నాలుగోది మరమ్మతుకి వెళ్ళొచ్చినప్పటి నుంచి అలా పెట్టడం మరిచిపోయారు. ఎవరూ మొదటి నాలుగు సార్లు పిల్ల పక్కన కూర్చోలేదని తెలిసి కూడా తను ఊరుకుంది. చెబుతున్నప్పుడు ఆవిడ చేతులు రిజిస్టరు తిరగేస్తూనే ఉన్నాయి. ఎవరు ఏ కంప్యూటర్ దగ్గర ఎప్పుడు కూర్చున్నారో చేత్తో రాసే పాత లావుపాటి పుస్తకం. అరిగిపోయిన పద్ధతని అందరూ వెక్కిరించేది దాన్నే. మూడు వారాలు, నాలుగో నంబరు, పిట్ట లేచిన అయిదు నిమిషాలకే ప్రతిసారీ ఒకటే సంతకం. ఈ వేళ మాత్రం ఆ సంతకం లేదు.

పదకొండయింది. పిట్ట కుర్చీలో సర్దుకుంది. వాళ్ళమ్మ వెనక నిలబడి పాప భుజాల మీద గౌను కుట్లు సరిచేస్తున్నట్టు నటించింది. ముసలావిడ అందరికీ వినపడేలా, ఆ అంకెలేవో త్వరగా చెప్పేయ్ తల్లీ, నాకు ఆకలేస్తోంది అంది. మేస్త్రీ ఒక స్టూలు లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు. తెర మీద అంకెలు పరుగెత్తుతున్నాయి, దాని వేళ్ళు అంతకంటే పరుగెత్తుతున్నాయి. ఆయనకు ఒక్క ముక్క తెలియడం లేదు. కానీ పెదాలు బిగించి, ఒక కన్ను సగం మూసి పిల్ల ఒక్కో చిక్కు విప్పుతుంటే, అచ్చం పిన్నులు వరస కుదిరేదాకా తను చెవి పెట్టి వినే తీరే కనిపించింది. గంట గడిచింది. చివరి ప్రశ్న మిగిలిపోయింది, తక్కినవన్నీ విప్పింది. ఇరవైమందిలో మూడో స్థానం. మేడమ్ చప్పట్లు కొడితే గదిలో పిల్లలంతా కొట్టారు. పిట్ట ఎవరినీ చూడలేదు, తండ్రినే చూసింది. ఆయన ముక్కు చీదుకునే పనిలో ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. గేటు తీసి ఉంది. ముందు దిగిన ముసలావిడ మెట్టు మీద ఆగి, వంగి చూసింది.

"ఎవరో తాళంచెవి మరిచిపోయి పోయార్రా," అంది.

తలుపు మూసే ఉంది. తాళంలో ఒక ఇత్తడి తాళంచెవి, కొత్తగా కోసి, గాట్ల అంచులు ఇంకా తళతళలాడుతూ, పావు చుట్టు తిరిగి బిగుసుకుపోయి ఉంది. దాన్ని పీకడానికి పటకారు వేసి గుంజిన గీతలు చుట్టూ కనిపిస్తున్నాయి. కింద గచ్చు మీద ఒక బూటు ముద్ర. తలుపు అవతల, రోజూ ఈ వేళకు ముసలావిడ ఒక్కతే పడుకునే మంచం.

మేస్త్రీ భార్య అత్తగారిని గట్టిగా పట్టుకుంది, పడిపోయేది ఎవరో తెలియనట్టు. ఎవరూ ముట్టుకోవద్దన్నాడు మేస్త్రీ. ఈసారి ఫోన్ చేస్తే పోలీసులు పావుగంటలో వచ్చారు. తాళాన్ని తాళంచెవితో సహా ఆయన చేతే ఊడదీయించి పట్టుకెళ్ళారు. లైబ్రరీ మేడమ్ రిజిస్టరూ, ఆ కాగితాలూ పట్టుకుని తనే స్టేషన్‌కి వెళ్ళింది. రెండో రోజు సాయంత్రానికి చుక్క దొరికింది. పన్నెండేళ్ళ ఆడపిల్ల కాదు, నలభై దాటిన మగాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మాట తీరు. ఇంకో ఇద్దరు పిల్లలకు వాడు వేరే పేర్లతో స్నేహితుడట. ఆ సంగతి విన్న రాత్రి పిట్ట అమ్మ ఒళ్ళో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది. చుక్క లేదని ఏడ్చింది. వాళ్ళమ్మ వద్దనలేదు, స్నేహితురాలు పోతే ఎవరైనా ఏడుస్తారు.

ఆ పై శనివారం మేస్త్రీ కొట్టు పొద్దున పూట మూసి కూతురితో లైబ్రరీకి వెళ్ళాడు. కొత్త అనుమతి పత్రం ఇవ్వమన్నాడు. కౌంటరు దగ్గర వరసలో అయిదుగురున్నారు. ఆయన కాగితం బల్ల మీద పరిచి, నల్లబడ్డ వేలు మొదటి మాట కింద పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. వెనక ఎవరో నిట్టూర్చారు. చెవులు ఎర్రబడ్డాయి. వేలు ఆగలేదు. ఎనిమిదో అంశం దాకా చదివి, రెండు మాటలకు అర్థమడిగి, అప్పుడు సంతకం పెట్టాడు.

గంటసేపు పక్కన కూర్చున్నాడు. లేచేటప్పుడు పిట్ట బయటికి వచ్చే గుర్తు నొక్కింది, సైటు మూసింది, మళ్ళీ తెరిచి చూసింది. ఎవరు నువ్వు అన్నట్టు ఖాళీ గడులు కనిపించాయి. పిట్ట తండ్రి వైపు గర్వంగా చూసింది.

వీధిలోకి వచ్చి పది అడుగులు వేశాక అది ఆగిపోయింది.

"నాన్నా, పొద్దున హడావుడిలో కొట్టుకి తాళం వేశావు గానీ, లాగి చూశావా?"

తండ్రీ కూతుళ్ళిద్దరూ సందు మలుపు వైపు పరుగు తీశారు.